వైద్యుని కంటె ముందు వచ్చువారు
(సంఘ వార్షికోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



అంబులెన్సు అనగానే చాలమంది కన్నుల ముందు నిలుచునది ఒక తెల్లని బండి, దాని నెత్తిపై తిరుగు దీపము, చెవులు చిల్లులు పడునట్టి కూత. బండి ఎంత త్వరగా వచ్చినది, ఎంత త్వరగా ఆసుపత్రికి చేర్చినది అని లెక్కించుట లోకమున వాడుక. ఆ బండి వెనుక భాగమున రోగి ప్రక్కన కూర్చున్న మనుష్యుడెవరు, అతడేమి నేర్చినాడు, ఏమి చేయుటకు అతనికి అధికారము కలదు అను ప్రశ్నలు సామాన్యముగా ఎవరికిని తోచవు. రోగి బ్రదుకు మాత్రము పెక్కు సందర్భములలో ఆ ప్రశ్నల సమాధానముపైననే ఆధారపడియుండును. నేటి ప్రసంగ విషయము ఆ మనుష్యుడే. అతనిని ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియను అందురు, వాడుకలో ఇ.ఎం.టి. అని మూడక్షరములతో పిలుచుచున్నారు. ఈ వృత్తియందు స్త్రీలును కలరు.

రామాయణ యుద్ధకాండలో మూర్ఛిల్లిన లక్ష్మణునకు ఏ ఓషధి వలయునో ఎరిగినవాడు సుషేణుడు. దానిని వేళ మించక ముందు తెచ్చినవాడు హనుమంతుడు. ఎరుక ఒకరిది, వేగము మరియొకరిది. ఓషధిని గుర్తుపట్టలేక హనుమంతుడు కొండనే పెకలించి తేవలసివచ్చినది. ఆయనకు కొండనెత్తు బలము కలదు కనుక కార్యము నెరవేరినది. సామాన్యునకు ఆ బలము లేదు. అందుచేత వేగముతో పాటు ఓషధిని గుర్తించు శిక్షణయు అతనికి కావలెను. ఇ.ఎం.టి. వృత్తికి మూలసూత్రమిదియే.

ముందు కాలమును గూర్చి చెప్పవలెను. గుండె ఆగినచో మెదడునకు ప్రాణవాయువు అందదు. నాలుగైదు నిమిషములు గడచునప్పటికి మెదడు చెడనారంభించును. పెద్ద రక్తనాళము తెగినచో కొలది నిమిషములలోనే ప్రాణము పోవచ్చును. స్పృహ తప్పి వెల్లకిల పడియున్నవాని నాలుక వెనుకకు జారి ఊపిరి దారిని మూయుటకు అంతకన్న తక్కువ కాలము చాలును. ఇట్టి చోట్ల గొప్ప వైద్యుడు గంట తరువాత చేయగల దానికన్న, శిక్షణ పొందిన సామాన్యుడు ఐదు నిమిషములలో చేయగలది ఎక్కువ. అమెరికాలోని బాల్టిమోరు నగరపు శస్త్రవైద్యుడు ఆడమ్స్ కౌలీ, గాయము తగిలిన పిదప గడచు మొదటి గంటను 'బంగారు గంట' అను మాటతో ప్రసిద్ధము చేసెను. భారత పార్లమెంటు 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినపుడు ఈ మాటకు చట్టములోనే నిర్వచనమిచ్చెను. గాయపడిన తరువాతి గంట, అనగా సత్వర వైద్యముచే మరణమును తప్పించుటకు మిక్కిలి అవకాశముగల కాలము అని దాని భావము. 2022 సంవత్సరమున ఈ దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారందరును బ్రదికెడివారని ఎవరును అనజాలరు. అయినను ఆ బంగారు గంట ఎవరి చేతులలో గడచినది అను ప్రశ్న వారిలో ప్రతియొక్కరి విషయమునను అడుగదగినదే.

చికిత్సయే రోగి యొద్దకు పోవలెనను తలంపు యుద్ధభూమిలో పుట్టినది. నెపోలియను సైన్యమున శస్త్రవైద్యుడైన లారే 18వ శతాబ్దము చివర తేలికపాటి గుర్రపు బండ్లను ఏర్పరచి, పోరు సాగుచుండగనే క్షతగాత్రులను తెప్పించెను. వానికి 'ఎగురు అంబులెన్సులు' అని పేరు వచ్చినది. పౌరజీవనమున ఈ తలంపు వేళ్లూనుటకు చాల కాలము పట్టెను. 1966లో బెల్‌ఫాస్టు నగరమున డాక్టరు ఫ్రాంక్ పాంట్రిడ్జి, గుండెకు విద్యుత్తాడనమిచ్చు యంత్రమును బండిలోనికెక్కించి రోగి యున్న చోటికే పంపెను. మోటారుకారు బ్యాటరీలతో పనిచేయు ఆ యంత్రము సుమారు 70 కిలోల బరువుండెను. అదే సంవత్సరము అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఒక నివేదికను వెలువరించి, ఆ దేశపు అంబులెన్సు సేవలలో దాదాపు సగము శవసంస్కార వ్యాపారులే నడుపుచున్నారని తెలిపెను. మనిషిని పడుకోబెట్టి తీసుకొనిపోగల పొడవైన బండి వారి యొద్దనే ఉండెను! అంతటి సంపన్నదేశమున ఆరు దశాబ్దముల క్రిందటి స్థితి ఇది.

ఆ స్థితిని మార్చినవారిలో మొదట చెప్పదగినవారు పిట్స్‌బర్గు నగరములోని నల్లజాతి యువకులు. 1967లో అచ్చట ఫ్రీడం హౌస్ అను అంబులెన్సు సేవ ఏర్పడెను. నోటితో ఊపిరి పోయు పద్ధతిని శాస్త్రీయముగా నిరూపించిన డాక్టరు పీటర్ సఫార్, ఉద్యోగములు లేక వీథులలో తిరుగుచుండిన యువకులను చేరదీసి, సుమారు 300 గంటల శిక్షణనిచ్చెను. అంతకు ముందు సంవత్సరమే ఆయన చిన్న కుమార్తె ఉబ్బసవ్యాధిచే మరణించినది. ఇతరులు పనికిరానివారని త్రోసివేసిన యువకులు ఆ నగరమున ఎందరి ప్రాణములనో నిలిపిరి. 1975లో నగరపాలకులు తమ సొంత సేవను ప్రారంభించుటతో ఫ్రీడం హౌస్ మూతపడినది. కాని వారికి శిక్షణాధికారిణిగానుండిన డాక్టరు నాన్సీ కెరొలైన్ కూర్చిన పాఠ్యక్రమము తరువాత ఆ దేశమంతటికిని మాదిరి అయ్యెను. పుట్టుకచే గాని, హోదాచే గాని కాక, సరియైన శిక్షణచేతనే మనిషి ఈ పనికి అర్హుడగునని ఆ యువకులు నిరూపించిరి.

ఇక భారతదేశపు సంగతి. 1989లో పరమానంద కటారా కేసున సుప్రీంకోర్టు, ప్రాణాపాయముననున్న వానికి చికిత్స చేయుట ప్రతి వైద్యుని విధి యనియు, పోలీసు లాంఛనముల కొరకు దానిని ఆపరాదనియు తీర్పు చెప్పెను. అది ఆసుపత్రి గుమ్మము దాటిన తరువాతి మాట. గుమ్మము వరకు చేర్చువారెవరు? దేశరాజధానియందు 'క్యాట్స్' అను ప్రభుత్వ సంస్థ 1991 నుండి అంబులెన్సులను నడుపుచున్నది. దాని సంఖ్య 102. ఇతర ప్రాంతములలో చాలకాలము ఆటోరిక్షా, జీపు, ఎడ్లబండి, లేదా నలుగురు మోయు నులకమంచము ఇవియే అంబులెన్సులు.

ఈ విషయమున తెలుగువారికి చెప్పుకొనదగిన పాలు ఒకటి కలదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఇ.ఎం.ఆర్.ఐ. అను లాభాపేక్ష లేని సంస్థ, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో కూడి, 108 సంఖ్యతో ఉచిత అత్యవసర సేవను ప్రారంభించెను. పూజాగృహమున అష్టోత్తరశతముగా వినిపించుచుండిన సంఖ్య కొన్ని యేండ్లలోనే పల్లెపల్లెకును ఆపద్బాంధవ నామమయ్యెను. 2007లో గుజరాతు ఆ పద్ధతిని స్వీకరించి, అదే సంవత్సరమున అత్యవసర వైద్య సేవల కొరకు ప్రత్యేక శాసనమును కూడ చేసెను. పిదప పెక్కు రాష్ట్రములు అదే త్రోవను పట్టినవి. 2014లో రాష్ట్రము రెండైనను 108 రెండింటను నిలిచియే యున్నది.

ఆ సేవ పనిచేయు తీరు తెలిసికొనదగినది. ఫోను మ్రోగినంతనే కేంద్రమున ఒకరు వివరములు వ్రాసికొందురు. దగ్గరలోనున్న బండికి వర్తమానమందును. బండిలో ఇద్దరుందురు. నడుపువానిని 'పైలట్' అందురు. రెండవవారు ఇ.ఎం.టి. కేంద్రమున వైద్యుడొకరు రేయింబవళ్లు ఫోను చెంతనుండును. రోగి స్థితిని ఇ.ఎం.టి. చెప్పగా విని, ఏ మందు ఎంత ఇయ్యవలెనో ఆ వైద్యుడు చెప్పును. కన్నులు, చేతులు ఇ.ఎం.టి.వి, ఆదేశము వైద్యునిది. సుషేణ హనుమంతుల సంబంధము ఇచ్చట టెలిఫోను తీగ మీద సాగుచున్నదన్నమాట.

ఇ.ఎం.టి. చేయు పనులను చూచినచో ఆ బాధ్యత ఎంతటిదో బోధపడును. రోడ్డు ప్రమాదమున అతడు మొదట చూడవలసినది, తన బండి నిలిపిన చోటు తనకును ఇతరులకును క్షేమమా అనునది. పిమ్మట రక్తస్రావమును అదిమి ఆపుట, ఊపిరి దారిని తెరచుట, మెడ కదలకుండ పట్టీ అమర్చుట, విరిగిన అవయవమునకు బద్దలు కట్టుట. తొందరపడి గాయపడినవానిని కాళ్లు చేతులు పట్టి ఎత్తినచో వెన్నెముక దెబ్బతిని జన్మాంతము మంచము పట్టవచ్చును. గుండె ఆగినచో రొమ్ము నడుమ నిమిషమునకు 100 నుండి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండ అదుమవలెను. ప్రతి 30 ఒత్తిళ్లకు రెండు ఊపిరులు పోయవలెను. పరుగిడు బండిలో ఇది చేయుట ఎంత కష్టమో చేసినవారికే తెలియును.

ఇట్టి సేవలో ప్రసూతి కేసులును పెక్కు. దారిలోనే కాన్పు వచ్చినచో బండిని ప్రక్కన నిలిపి, బిడ్డను అందుకొని, తుడిచి, తల్లి రొమ్మునకు చేర్చి వెచ్చగా ఉంచవలెను; తల్లికి రక్తము ఎక్కువ పోవుచున్నదా అని కనిపెట్టుచుండవలెను. పల్లెలలో పాముకాటు మరియొకటి. కాటు పైన బిగించి త్రాడు కట్టుట, గాటు పెట్టుట, నోటితో పీల్చుట అన్నియు హానికరములు. కాటుపడిన అవయవమును కదలనీయక, విషమునకు విరుగుడు సూది మందు దొరకు ఆసుపత్రికి చేర్చుటయే కర్తవ్యము. అచ్చట ఇ.ఎం.టి. విషముతోనే గాక, మంత్రగాని యొద్దకు పోవుదమను బంధువుల పట్టుదలతోను పోరాడవలసి వచ్చును.

చేయవలసినవి ఎన్నియో, చేయరానివియు అన్ని కలవు. వైద్యుని మాట లేక మందు ఇయ్యరాదు. శిక్షణ లేని ప్రక్రియకు చేయి చాపరాదు. మరణమును ధ్రువీకరించు అధికారము వైద్యునిదే గాని ఇ.ఎం.టి.ది కాదు. చూచినది, చేసినది, ఏ నిమిషమున చేసినది అంతయు కాగితముపై నమోదు చేసి ఆసుపత్రి వారికి అప్పగించవలెను. తన హద్దు తాను ఎరుగుట ఈ విద్యలో సగము.

ఇంతటి విద్య ఎట్లు అబ్బును? తెలుగునాట 108లో చేరినవారిలో చాలమంది జంతుశాస్త్రము, వృక్షశాస్త్రము మొదలగునవి చదివిన బి.ఎస్‌సి. పట్టభద్రులు. వారికి కొన్ని వారముల పాటు తరగతి గదిలోను, బొమ్మలపైనను, ఆసుపత్రిలోను, బండిలోను శిక్షణ ఇత్తురు. దీనికి మించి, హైదరాబాదులోని సంస్థ అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ వైద్యుల సహకారముతో పట్టభద్రులకు రెండు సంవత్సరముల ఉన్నత శిక్షణను నెలకొల్పెను. కేంద్ర ఆరోగ్య శాఖ 2021లో వైద్యులు, నర్సులు, పారామెడికలు సిబ్బంది కొరకు దేశీయమైన అత్యవసర ప్రాణరక్షణ పాఠ్యక్రమమును ఆవిష్కరించెను. అమెరికాలో 1970 ప్రాంతమున ఇ.ఎం.టి. శిక్షణ 81 గంటలతో మొదలైనది. నేడు దాని గంటలు రమారమి రెట్టింపైనవి. దానికి పై మెట్టైన పారామెడిక్కునకు వేయి గంటలకు మించిన శిక్షణ కలదు. 1970లో ఏర్పడిన జాతీయ రిజిస్ట్రీ పరీక్షను నిర్వహించును. అనుమతి పత్రమును రాష్ట్రము ఇచ్చును. ఆ రిజిస్ట్రీ యోగ్యతా పత్రమును రెండు సంవత్సరములకొకసారి తిరిగి పొందవలెను. ఇందులో సూక్ష్మము కలదు. చేతివిద్య వాడుకలో లేనిచో మాసిపోవును. ఒకసారి నేర్చిన ప్రాణరక్షణ పద్ధతి జీవితాంతము నిలుచునను నమ్మకము రోగికి ప్రమాదకరము.

ఇచ్చటనే నియమనిబంధనల ప్రశ్న వచ్చుచున్నది. ఈ దేశమున మొదట ప్రమాణమేర్పడినది బండికి. ఏ.ఐ.ఎస్. 125 అను జాతీయ అంబులెన్సు నియమావళి బండ్లను నాలుగు తరగతులుగా విభజించెను. మొదటి తరగతి తొలి సహాయకుని వాహనము. రెండవది రోగిని చేరవేయు బండి. మూడవది ప్రాథమిక ప్రాణరక్షణ బండి. నాలుగవది ఉన్నత ప్రాణరక్షణ బండి. లోపలి కొలతలు, స్ట్రెచరు బిగింపు, రంగు, దీపములు మొదలగు వానికన్నింటికిని నియమములు కలవు. లోపల కూర్చుండు మనిషికి దేశమంతట ఒకే కొలత మాత్రము ఏర్పడలేదు. పారామెడికల్ అను మాటను రక్తపరీక్ష చేయువారికిని, ఎక్స్‌రే తీయువారికిని, అంబులెన్సులో ప్రాణము నిలుపువారికిని కలిపి వాడుట ఇచ్చటి అలవాటు. బ్రిటనులో పారామెడిక్ అను పేరు చట్టరక్షితము. రిజిస్టరున పేరు లేనివాడు ఆ బిరుదును ధరించుట నేరము.

2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ ఆరోగ్యవృత్తుల కమిషను చట్టము ఈ లోటును తీర్చుటకు పెద్ద అడుగు. కేంద్రమున కమిషను, రాష్ట్రములందు మండలులు, వృత్తివారి పేర్లకు రిజిస్టరు ఉండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. దాని షెడ్యూలునందు ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టు పేరును, ఉన్నతశ్రేణి పారామెడిక్కు పేరును కలవు. కాని అనుబంధ ఆరోగ్యవృత్తివారి డిప్లొమా గాని డిగ్రీ గాని 2,000 గంటలకు తగ్గరాదనియు, రెండు నుండి నాలుగు సంవత్సరముల కాలమున సాగవలెననియు అదే చట్టము నిర్ణయించెను. కొన్ని వారముల శిక్షణతో బండిలో కూర్చున్నవారు ఈ కొలతకు అందరు. అర్ధరాత్రి ఫోను చేసినచో వచ్చువారు మాత్రము వారే! రిజిస్టరునకు, రోడ్డునకు మధ్యనున్న ఈ ఖాళీయే నేటి అసలు సమస్య.

ఏ చిన్న ఉద్యోగమునకైనను రిక్రూట్‌మెంటు నిబంధనలు, విద్యార్హత, ప్రొబేషను, శాఖాపరీక్ష, సీనియారిటీ జాబితా ఉండుట కేంద్రప్రభుత్వోద్యోగులకు తెలియనిది కాదు. గుమాస్తా పదవికి ఇన్ని కట్టుదిట్టములుండగా, ఆగిన గుండెను కదలించు పదవికి స్థిరమైన కట్టుబాటు లేకుండుట సమంజసము కాదు. ఈ లోపము ఇరువురికి నష్టము తెచ్చును. యూనిఫారము ధరించి వచ్చినవాడు ఏమి నేర్చినవాడో తెలియు దారి రోగికి లేదు. డ్రైవరు, ఒక ఆక్సిజను సిలిండరు తప్ప మరేమియు లేని ప్రైవేటు బండియు అంబులెన్సుగానే చెలామణి యగుచున్నది. ఇ.ఎం.టి.కి కలుగు నష్టమును తక్కువది కాదు. సాహసించి చేసినచో హద్దు మీరెనందురు. సంకోచించినచో నిర్లక్ష్యము చేసెనందురు. హద్దునే వ్రాసియుంచనపుడు అతడు దేనిని ఆధారము చేసికొనును? వీరిలో పెక్కుమంది ఉద్యోగము కాంట్రాక్టు మీదనే. పది సంవత్సరములు వేలకొలది రోగులను చూచిన అనుభవమును లెక్కలోనికి తీసికొను పద్ధతి లేనిచో సమర్థుడు వేరు ఉద్యోగము వెదకికొనును. బండిలోనికి మరల కొత్తవాడే వచ్చును.

చట్టపు కొలతను తగ్గించుట దీనికి మందు కాదు. ఉన్నవారిని త్రోసివేయుటయు కాదు. మెట్లు కట్టవలెను. తొలి మెట్టుననున్నవారికి వారు చేయదగిన పనుల పట్టిక దేశమంతటికి ఒకటిగా ఉండవలెను. నియతకాలమున పునఃపరీక్ష జరుగవలెను. ఉద్యోగము చేయుచునే, అనుభవమునకు గుర్తింపు పొందుచు, మిగిలిన గంటలను పూర్తిచేసి రిజిస్టరున చేరు త్రోవ తెరువవలెను. పిట్స్‌బర్గు యువకులకు 300 గంటలు ఇచ్చిన గౌరవమును, తెలుగునాటి బి.ఎస్‌సి. పట్టభద్రునకు ఈ దేశము 2,000 గంటలతోనైనను ఇయ్యవలెను గదా!

పౌరులకును విధులు కలవు. అంబులెన్సుకు దారి విడువనివారికి 10,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చునని 2019 సవరణ చెప్పుచున్నది. దానికన్న ముఖ్యమైనది మరియొకటి. గాయపడినవానిని సద్బుద్ధితో ఆదుకొన్నవారిని కేసులలో ఇరికింపరాదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకములకు శాసనబలమిచ్చెను. అదే రక్షణ 2019లో మోటారు వాహనముల చట్టమున 134-ఏ అను విభాగమయ్యెను. 'పోలీసుల బాధ మనకేల' అను పాతమాటకు ఇక చోటు లేదు. ప్రమాదమునకు గురియైనవారికి ఏడు రోజుల వరకు, లక్షా యాభైవేల రూపాయల మేర, చేతి డబ్బు లేకుండ చికిత్స జరుగు పథకమును 2025లో కేంద్రప్రభుత్వము ప్రకటించినది.

ఊరు కాని ఊరిలో నివసించు తెలుగు కుటుంబములకు ఒక మాట. పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయములకు ఒకే సంఖ్యగా 112 ఏర్పడినది. ఇంట ముసలివారికి, పిల్లలకు ఆ సంఖ్యతో పాటు ఇంటి నంబరు, బ్లాకు, సెక్టారు, దగ్గరి గుర్తు ఆ ప్రాంతపు భాషలో చెప్పుట నేర్పవలెను. చిరునామా స్పష్టముగా తెలియక బండి వీథులలో తిరుగాడు నిమిషములు రోగి ఆయుష్షునుండియే తరుగును. ఫోను చేసినవారు ఎదుటివారు పెట్టివేయువరకు పెట్టరాదు. ఒకరు గేటు చెంత నిలువవలెను. రొమ్మునదుము పద్ధతిని ప్రతి కార్యాలయమున, ప్రతి కాలనీయందు కొందరైనను నేర్చియుండవలెను. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట వ్యర్థమని తెలుగువారి సామెతయే చెప్పుచున్నది.

వైద్యుని నారాయణునిగా భావించుట ఈ దేశపు సంప్రదాయము. ఆ నారాయణుని సన్నిధికి చేరువరకు ఊపిరి పోకుండ పట్టి యుంచువానికి ఒక పేరు, ఒక విద్య, ఒక హద్దు, ఒక రక్షణ ఉండవలెనని కోరుట అత్యాశ కాదు. అతనికి వానిని సమకూర్చుట ఉపకారము కానే కాదు. ఏదో ఒకనాడు ఆ బండిలో పడుకొనవలసిన ప్రతివారును తమకు తాము చేసికొను మేలు అది.

స్వస్తి.